రెండో మోకాలు

"ఇదెప్పుడు తెగింది నాయనా?" అని అడిగాడు ముసలి డాక్టరు, ఊరినుంచి ఎప్పుడొచ్చావు అని అడిగినంత తేలిగ్గా. అడిగి, డేరియన్ ఎడమ పిక్కను రెండు చేతులా పట్టుకుని మరోసారి తనవైపు లాగాడు, లాగి పెదవి విరిచాడు. ఏది తెగింది, తెగడమేమిటి, పొద్దున్న ఈ కాలిమీదే కదా మెట్లు దిగాను, మొన్న నవంబరులో ఈ కాలితోనే కదా... "మోకాలి లోపల ఎముక ముందుకు జారకుండా పట్టుకునే లిగమెంటయ్యా. నీకు లేదు." అంతే. ఆ మాట అన్న పెద్దమనిషి చేతులు తుడుచుకుని మోకాలి లోపలి ఫోటో తీయించుకు రమ్మని పంపేశాడు. విన్నవాడు మాత్రం ఇదిగో, ఈ చల్లటి గదిలో, పాదాలనుంచి నడుము దాకా తెల్లటి సొరంగంలో ఇరుక్కుని, పైకప్పు పలకలకేసి చూస్తూ, ఆ మాట దగ్గరే ఆగిపోయాడు. కాళ్ళొచ్చిన దగ్గర్నుంచీ ఒకచోట నిలబడి ఎరగనివాడు, డేరియన్ టాలివర్, మిసిసిపీలో కారవే స్టేట్ కాలేజీ తరఫున అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతిని పొట్టకు అదుముకుని పరిగెత్తినవాడు, వాళ్ళ లీగులో తాతల కాలంనుంచీ చెక్కుచెదరని బంతితో పరిగెత్తిన గజాల రికార్డును తుక్కు చేసినవాడు, అలాంటివాడు ఇప్పుడు కాలి బొటనవేలు కదిపినా మొత్తం మళ్ళీ మొదటినుంచీ తీయాలని ఆ యంత్రం నడిపే నాడీన్ అనే ఆవిడ రెండుసార్లు చెప్పి వెళ్ళింది. సరే అన్నాడు. ఏం సరే?

యంత్రం ధడధడా మొదలైంది. పొద్దుటినుంచీ గది గదికీ తిప్పారు, ఒంటిమీద నిక్కరు తప్ప ఏమీ లేకుండా తూకం రాయిమీద నిలబెట్టారు, కుర్చీల్లో కూచున్న పెద్దమనుషులు తలెత్తి చూసి తల దించి రాసుకున్నారు, అమ్మ చూస్తే సంతలో ఎద్దుకైనా పళ్ళు చూసి వదిలేస్తారు కదరా అనేది. ప్రొఫెషనల్ జట్లన్నీ ఇండియానాపొలిస్‌కి వచ్చి, ఏప్రిల్లో ఎవణ్ణి తీసుకోవాలో ఎవణ్ణి వదిలెయ్యాలో ఇక్కడే తేల్చుకుంటాయి. పరిగెత్తడం అందరూ చూశారు, పరిగెత్తడం గురించి ఎవరికీ అనుమానం లేదు. మిగిలింది ఒంట్లో ఎముకలూ కీళ్ళూ. ఒక్కో జట్టు డాక్టరూ వచ్చి అదే భుజం తిప్పాడు, అదే మెడ వంచాడు. ఎప్పుడైనా దెబ్బలు తగిలాయా అంటే, కాలేజీలో రెండో ఏడు ఎడమ మోకాలు కొంచెం బెణికిందండీ, రెండు వారాలు, అంతే, అని దాచకుండా చెప్పాడు. దాచకుండా చెప్పు నాయనా, దాస్తే వాళ్ళకి ఎలాగూ తెలుస్తుంది అని పంపింది కాలేజీ ట్రైనరు మిస్టర్ హార్లనే. అబ్బ, ఎంత మంచి సలహా! ఆయనకి తెలిసే కదా ఇచ్చాడు. ముసలి డాక్టరు తలుపు దాకా వెళ్ళినవాడు వెనక్కి తిరిగి అన్న ఆఖరి మాట ఏమిటి? "మీ కాలేజీలో నీ కాలు పట్టుకున్నవాడెవడో గాని, చేతికి స్పర్శ అనేది ఉంటే వాడికిది తెలిసి తీరాలి." తెలిసి తీరాలి. తెలిసి తీరాలి అంటే తెలిసే ఉంది. బట్టలు మార్చుకునే తెరవెనక, ఫోను బీరువాలో పెట్టేసే ముందు, డేరియన్ హార్లన్ నంబరు నొక్కాడు, నోటికొచ్చిందల్లా అనేశాడు. అన్నందుకు బాధ లేదు. ఇంకా నాలుగు అనాల్సింది.

రెండో ఏడు, అక్టోబరు, వాన. ఎర్ర బురద. కుడివైపుకి నటించి ఎడమకి కోసుకుని వెళ్ళే ఎత్తు అది, ముందు గోడలా నిలబడే లావుపాటి కుర్రాళ్ళు ఇద్దరు బురదలో జారి పడ్డారు, సందు లేదు, అయినా సందు కనిపించింది, అతనికెప్పుడూ కనిపించేది, ఆ సందులోకి ఎడమకాలు వేసి తిరగబోయేసరికి లోపల ఏదో కప్పకు మల్లే ఎగిరి మళ్ళీ కూచుంది. పడ్డాడు. పడగానే మొదట గుర్తొచ్చింది నొప్పి కాదు, ఆ ప్రశ్న. నొప్పా, దెబ్బా? ఏడేళ్ళప్పుడు, చెవులమీదికి జారే పెద్దవాళ్ళ హెల్మెట్టు పెట్టుకుని తమ ఊరు హాలిస్ బెండ్‌లో ఎండిన మైదానంలో మొదటిసారి మోచెయ్యి గీరుకుని ఏడిస్తే, పిల్లల కోచ్ వంగి మొహంలో మొహం పెట్టి అడిగాడు: "నొప్పా రా, దెబ్బా? నొప్పయితే ఆడతావు, దెబ్బయితే కూచుంటావు. చెప్పు." పక్కన వరసగా పిల్లలు. దెబ్బ అన్నవాడు ఆ సాయంత్రం బల్లమీద ఒంటరిగా కూచుంటాడు, ఇంటికెళ్ళేటప్పుడు వాళ్ళ నాన్న మాట్లాడడు. ఆ ఊళ్ళో ఆ ప్రశ్నకి ఎవడైనా చెప్పే జవాబు ఒక్కటే. నొప్పే కోచ్. వేలు విరిగినవాడూ నొప్పే అన్నాడు, పక్కటెముక చిట్లినవాడూ నొప్పే అన్నాడు, చర్చిలో పాస్టరు కడుపులో పుండు పెట్టుకుని నొప్పే నొప్పే అంటూ పోయాడు. బురదలో పడి ఉన్న డేరియన్‌కి ఎవరూ అడక్కముందే నోట్లో ఆ మాట సిద్ధంగా ఉంది.

కాని ఆ రోజు అడిగింది అతన్ని కాదు. హార్లన్ స్పైట్స్ గొడుగు అవతల పారేసి పరిగెత్తుకొచ్చాడు, కాలేజీలో కుర్రాళ్ళ దెబ్బలు చూసే ట్రైనరు ఆయన, బట్టతల మీద వాన, జేబులో ఎప్పుడూ పిప్పరమెంటు బిళ్ళలు. వచ్చి మోకాళ్ళ మీద కూచుని ఎడమ పిక్క లాగాడు. ఆగాడు. కుడి పిక్క లాగాడు. మళ్ళీ ఎడమ. మళ్ళీ కుడి. "ఒరే, నీ కీళ్ళన్నీ ఊడిపోయిన గేటులా ఉన్నాయేంట్రా, మీ అమ్మ నూనె పోసి కన్నదా?" అని నవ్వాడు. డేరియన్ కూడా నవ్వాడు, పళ్ళలో బురద. గీత అవతలనుంచి కాలేజీ కోచ్ అరిచాడు, "హార్లన్! ఆడతాడా?" హార్లన్ తలెత్తి చూశాడు. ఒక్క క్షణం చూశాడు. తర్వాత తల ఊపాడు. ఆ క్షణం! ఇన్నాళ్ళూ ఆ తల ఊపడం డేరియన్‌కి తీపి గుర్తు, నన్ను నమ్మిన మనిషి అనుకున్నాడు. ఇప్పుడు యంత్రం ధడేల్ ధడేల్‌మంటుంటే ఆ ఒక్క క్షణాన్ని పట్టుకుని సాగదీసి చూస్తున్నాడు, ఆ కళ్ళలో ఏముంది, ఆ తడి కళ్ళజోడు వెనక లెక్క వేసుకున్నాడా, ఈ కుర్రాడు కూచుంటే సీజను పోతుంది, కోచ్ పోతాడు, నేనూ పోతాను అనుకున్నాడా? అనుకునే ఉంటాడు. ఫోటో తీయించొద్దా అని తను అడిగితే, వాపే లేదు, దేనికిరా ఫోటో, పెళ్ళిచూపులకా అన్నాడు. నమ్మినవాడే నట్టేట ముంచాడు.

"డేరియన్, కాలు బిగబడుతున్నావు," అంది గోడమీది స్పీకర్లోంచి నాడీన్ గొంతు. "వదులుగా పెట్టు నాయనా. పాట ఏమైనా పెట్టమంటావా? మా దగ్గర జాజ్ ఉంది, కంట్రీ ఉంది, వానచప్పుడు ఉంది."

"వద్దండీ. వానచప్పుడు అసలొద్దు."

ఆ తర్వాతనుంచేగా ఆ పట్టీలు. ప్రతి శనివారం, ఆటకి ముందు, అందరికంటే చివర, హార్లన్ తన చేత్తో ఎడమ మోకాలికి పట్టీ చుట్టేవాడు, తన దగ్గర పని నేర్చుకునే పిల్లకాయలెవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. చుట్టి, రెండు చేతులమధ్యా మోకాలు పట్టుకుని కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేవాడు, పెదాలు కదిలేవి, మాట వినపడేది కాదు. కుర్రాళ్ళు ఏడిపించేవాళ్ళు, ముసలాయన నీ మోకాలికి బాప్టిజం ఇస్తున్నాడ్రా అని. దాన్ని అదృష్టం అనుకున్నాడు డేరియన్. అయ్యో, ఎంత వెర్రివాణ్ణి, తాడు తెగిన చోట తాడు కడుతున్నాడని తెలియలేదు! పైగా తొడ వెనక కండలకి ఎవరికీ లేని కసరత్తు, అందరూ స్నానాలు చేసి అన్నాలకి పోతుంటే తను ఒక్కడూ బోర్లా పడుకుని మడమలకి ఇనుము కట్టుకుని ఎత్తడం, పక్కన స్టూలు మీద హార్లన్, "ఇంకొకటి. ఇంకొకటి. నన్ను తిట్టుకో, పర్లేదు, పైకి ఎత్తు." దేనికి మిస్టర్ హార్లన్ ఇదంతా అంటే, నీ కీళ్ళు వదులు, కండే నీకు గోడ అన్నాడు. అన్నీ తెలిసి అన్న మాటలు. ఒక్కొక్కటీ ఇప్పుడు తిరిగి చదువుకుంటే ఒక్కొక్కదాని వెనకా ఇంకో అర్థం బయటపడుతోంది. ఆదివారాలు వాళ్ళింట్లో భోజనం, మిస్ వెర్నెల్ పెద్ద పెద్ద చిక్కుడు గింజలు పొగపెట్టిన మాంసంతో ఉడికించి, మొక్కజొన్న రొట్టె ముక్క విరిచి మొదట డేరియన్ పళ్ళెంలో వేసేది, మొగుడికి తర్వాత. "వాడు పరిగెత్తాలి, నువ్వు కూచునే కదయ్యా ఉండేది," అనేది. అదీ నాటకమేనా? ఆవిడకీ తెలుసా? బలిచ్చే మేకకి మేత పెట్టినట్టు పెట్టారా? ఛ. ఆవిడకి తెలిసి ఉండదు. ఏమో, తెలిసే ఉంటుందేమో. ఆ రొట్టె రుచి ఇంకా నోట్లోనే ఉంది.

రికార్డు రోజున మాత్రం ఏ మోకాలూ గుర్తులేదు. ఎండ, చలి, మైదానం చుట్టూ జనం కోట్లు విప్పి ఊపుతున్నారు. అందరూ ఎదురుచూసేది ఇంకో పదిహేడు గజాల కోసం, అమ్మ చేపల ఫ్యాక్టరీలో సెలవు పెట్టి వచ్చింది, వేళ్ళకి ఇంకా జెల్లచేపల వాసన, ఎంత నిమ్మకాయ రుద్దినా పోదు, ఆ చేతులతోనే మొహం కప్పుకుని వేళ్ళ సందుల్లోంచి చూస్తోంది. బంతి కడుపులోకి వచ్చింది. ఎడమవైపు సందు. ఒకడు నడుం పట్టుకున్నాడు, జారిపోయాడు, ఒకడు కాలు అందుకున్నాడు, ఆ కాలే, ఎడమదే, పట్టుకుని తిప్పాడు కూడా, తిరగలేదు కాలు, డేరియన్ ఇంకా ముందుకే వెళ్ళాడు, పదిహేడు ఎప్పుడో దాటిపోయాయి, ఎదురుగా గడ్డి తప్ప ఇంకేమీ లేదు, వెనక పరిగెత్తుకొచ్చేవాళ్ళ ఊపిరి, తర్వాత అదీ లేదు. అంత హాయి ఇంకెప్పుడైనా ఉంటుందా ఒంటికి! గీత దాటి వెనక్కి తిరిగితే గొడవ గొడవగా అందరూ మీద పడ్డారు. హార్లన్ మాత్రం రాలేదు, నీళ్ళ డబ్బాల దగ్గర నిలబడి కళ్ళజోడు తీసి తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు. ఆనందమనుకున్నాడు. అది భయమేమో, పట్టుబడకుండా గట్టెక్కాం అనే నిట్టూర్పేమో. అమ్మతో ఆ సాయంత్రమే అన్నాడు, ఇంక చాలమ్మా, ఏప్రిల్ తర్వాత ఆ చేపల కత్తి కింద పెట్టేద్దువుగాని. "ముందు ఏప్రిల్ రానీరా, చేప వలలో పడకముందే తోలు తియ్యకూడదు," అంది అమ్మ. ఆమె మాటే నిజమయ్యేట్టుంది. లిగమెంటు లేని మోకాలికి ఏ జట్టు పిలుస్తుంది? అక్కడ రాసుకుంటున్న వాళ్ళంతా ఈపాటికి గీత కొట్టేసే ఉంటారు. అమ్మకి ఎలా చెప్పడం? రేపు పొద్దున్న కూడా ఆమె రబ్బరు బూట్లేసుకుని చల్లటి నీళ్ళలో నిలబడుతుంది, ఎల్లుండీ నిలబడుతుంది. వీటన్నిటికీ కారణం ఒక ముసలాయన తల ఊపడం.

అందుకే అన్నాడు. తెరవెనక, గోడకి నుదురు ఆనించి, ఫోనులో. "మీరు నన్ను అమ్ముకున్నారు మిస్టర్ హార్లన్." అవతల కుర్చీ జరిపిన చప్పుడు. "ఏమిటి నాయనా, నెమ్మదిగా చెప్పు, ఏ కాలు?" "ఏ కాలో మీకు తెలియదా? నా ఎడమకాల్లో ఏమీ లేదట. ఎప్పుడో తెగిపోయిందట. చెయ్యి పెట్టినవాడికి తెలిసి తీరాలన్నాడు డాక్టరు. ఆ వానలో మీరు చెయ్యి పెట్టారు." తర్వాత ఆ గొంతు, ఎప్పుడూ వినని గొంతు, "నాకు రెండూ ఒకలాగే అనిపించాయి బాబూ. ఒకటికి రెండుసార్లు చూశాను... నా చెయ్యే తప్పు చెప్పి ఉంటుంది." "చెప్పి ఉంటుంది కాదు. చెప్పింది. మీరు కోచ్ కోసం తల ఊపారు. నాకు నాన్న లేడని తెలిసీ నాన్నలా నటించారు. మా అమ్మకి మీ మొహం చూపించకండి." "డేరియన్, నా మాట విను, అక్కడి వాళ్ళు నువ్వు దాచావనుకుంటున్నారా? నిన్ను అనుమానిస్తున్నారా?" చూడు, అప్పుడు కూడా దేని గురించి అడుగుతున్నాడో! "ఎవరు దాచారో మీకు తెలుసు," అనేసి పెట్టేశాడు. పెట్టేసినప్పుడు ఒళ్ళంతా వేడి, గెలిచినట్టే అనిపించింది. ఇప్పుడు ఆ వేడి దిగిపోతోంది, సొరంగం గాలి చల్లగా కాళ్ళమీంచి వస్తోంది.

చప్పుడు ఆగింది. బల్ల బయటికి జరిగింది. హమ్మయ్య అని లేవబోయాడు.

"ఉండుండు," అంది నాడీన్ లోపలికొచ్చి. నలభై దాటిన మనిషి, మెడలో తాళాలు. మొహంలో నవ్వు లేదు, పొద్దున్న మా ఆయన నీ ఆటలన్నీ చూస్తాడయ్యా అన్న మనిషే. "పొద్దున్న నిన్ను చూసిన డాక్టర్ లిండ్ అక్కడ కూచుని చూస్తున్నారు. రెండో మోకాలు కూడా ఫోటో తియ్యమంటున్నారు."

"కుడిదా? కుడిదెందుకండీ? దానికేం కాలేదు."

"నన్నడిగితే నేనేం చెప్పను నాయనా. తియ్యమన్నారు, తీస్తాను. పడుకో."

పడుకున్నాడు. పంజరంలాంటి దాన్ని ఎడమకాలినుంచి తీసి కుడికాలికి బిగించింది. కుడికాలికి ఏమీ కాలేదే! ఒక్కసారి, ఒక్క ఆటలో, ఒక్క రోజు కూడా ఆ కాలు బెణకలేదు, తొక్కుడుపడలేదు, దానికి హార్లన్ పట్టీ కూడా చుట్టలేదు. మరి ఎందుకు తీయిస్తున్నారు? ముసలాయన లోపల కూచుని ఏం చూశాడు? డేరియన్‌కి భయం వేసింది, అసలు భయం, బురదలో కూడా వెయ్యనిది. కుడిది కూడా పోతే, ఇంక ఒక్క కాలైనా లేనట్టే. ధడ్ ధడ్ ధడ్. కళ్ళు మూసుకున్నాడు. మొదటిసారి పరిగెత్తింది ఎప్పుడు? నది గట్టుమీద, బిగ్ మామా కుక్క వెంటబడితే, నాలుగేళ్ళేమో. బిగ్ మామా అంటే అమ్మమ్మ, వరండాలో కూచుని అందరికీ చెప్పేది, ఈ పిల్లాడు నడవడం చాలా ఆలస్యం, పొద్దస్తమానం మోకాళ్ళమీదే పాకేవాడు, లేస్తే కూలబడేవాడు, వీడికి కాళ్ళు రావేమో అనుకున్నాం, తీరా ఒకరోజు నడక మానేసి ఏకంగా పరుగే ఎత్తుకున్నాడు అని. అందరూ నవ్వేవాళ్ళు. ఆ పరుగు ఎవరూ నేర్పలేదు. అడుగు చిన్నగా వేస్తాడు, నేలకి దగ్గరగా, కాలు ఎప్పుడూ పూర్తిగా చాచడు, కాలేజీలో చాలామంది కోచ్‌లు చాపమన్నారు, చాపితే రాలేదు. హార్లన్ ఒక్కడే వాడి కాళ్ళ జోలికి వెళ్ళకండయ్యా, వాటికి తెలుసు అన్నాడు. వాటికేం తెలుసు?

రెండూ ఒకలాగే అనిపించాయి బాబూ. ఆ మాట ఎక్కడినుంచో వచ్చి మధ్యలో నిలబడింది. ఎడమ, కుడి, మళ్ళీ ఎడమ, మళ్ళీ కుడి. వానలో ఆ చేతులు. తెలిసి దాచేవాడు నాలుగుసార్లు లాగుతాడా? దొంగ అయితే ఒకసారి లాగి లేచిపోడూ? దాచేవాడు వెళ్ళి డాక్టర్లకి దాచకుండా చెప్పు అని పంపుతాడా? డేరియన్ ఆ ఆలోచనని తోసేశాడు. అది మళ్ళీ వచ్చింది. ఒకవేళ ఆయనకి నిజంగా తెలియకపోతే? తెలియకపోతే మాత్రం, తెలియకపోవడం తప్పు కాదా, ముప్ఫై ఏళ్ళు మోకాళ్ళు చూసిన చెయ్యి కదా? తప్పే. కాని అమ్ముకోవడం వేరు. అమ్ముకున్నారు అన్నాడు తను. నాన్నలా నటించారు అన్నాడు. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేం. అన్నీ పట్టుకునే చేతులు ఉన్నవాడు, బంతి ఏనాడూ జారవిడవనివాడు, ఆ మాట మాత్రం ఎలా వదిలేశాడు! ఆ కుర్చీ జరిపిన చప్పుడు ఏమిటి? ఆయన లేచి నిలబడ్డాడా, కూలబడ్డాడా? ముక్కుమీద దురద పుట్టింది, కదలకూడదు, కంట్లోంచి నీళ్ళు చెవిలోకి కారాయి, తుడుచుకోకూడదు. గోడలోంచి నాడీన్, "అయిపోవచ్చింది నాయనా, అలాగే ఉండు, బాగా ఉన్నావు," అంది. ఆ బాగా అన్న మాటకి ఇంకా ఏడుపొచ్చింది.

బయటికి తీసుకొచ్చాక డాక్టర్ లిండ్ తనే వచ్చాడు. పొద్దుటి తేలిక లేదు, ఎవరింటికో చెడ్డకబురు తెచ్చినవాడిలా నిలబడ్డాడు, తర్వాత స్టూలు లాక్కుని కూచున్నాడు.

"రెండింట్లోనూ లేవు," అన్నాడు.

డేరియన్ రెండు చేతులూ మోకాళ్ళమీద పెట్టుకున్నాడు.

"తెగలేదు. విను, తెగలేదు. తెగితే లోపల తునకలుంటాయి, ఎముకమీద గుర్తుంటుంది. నీకు ఆ లిగమెంటు కూచోవడానికి ఎముకలో చోటే ఏర్పడలేదు. రెండు మోకాళ్ళలోనూ. పుట్టుకతోనే లేవు నాయనా నీకు. ఇన్నేళ్ళ సర్వీసులో పుస్తకంలో చదవడమే గాని చూళ్ళేదు నేను."

"పుట్టుకతోనా?"

"అమ్మ కడుపులోంచే. నువ్వు ఆ గజాలన్నీ ఒట్టి కండమీద పరిగెత్తావు. ఆ తొడ వెనక కండలు ఎవరు పెంచారో గాని నిన్ను నిలబెట్టింది అవే. ఏడేళ్ళప్పుడు ఎవరికైనా తెలిసుంటే నిన్ను ఆ మైదానంలోకే అడుగు పెట్టనిచ్చేవాళ్ళు కాదు."

"మా ట్రైనరు చూశాడండీ. రెండూ లాగి చూశాడు. రెండుసార్లు."

ముసలి డాక్టరు తల వంచుకున్నాడు. "చూసి బాగుందన్నాడు కదూ? అంటాడు. మేమంతా అంతే. ఒక కాలికి దెబ్బ తగిలితే రెండో కాలితో పోల్చి చూస్తాం, తేడా ఉంటే తెగిందంటాం. నీకు రెండూ ఒకటే, తేడా ఎక్కణ్ణుంచొస్తుంది? ఏ చెయ్యీ పట్టుకోలేదు."

"మరి మీరు పట్టుకున్నారుగా?"

"పట్టుకోలేదయ్యా. పొద్దుటినుంచీ లాగి లాగి విసుగొచ్చింది. నువ్వు ఎడమ అన్నావు, ఎడమే లాగాను, కుడి లాగడానికి బద్ధకించాను. లాగి ఉంటే నేనూ బాగుందని రాసి పంపేవాణ్ణి." ఆగాడు. "తెలిసి తీరాలి అన్నాను నేను. అది అనకుండా ఉండాల్సింది."

జట్ల సంగతి కూడా చెప్పాడు. ఉన్నది రాయక తప్పదు, చాలామంది కొట్టేస్తారు, తన జట్టుతో సహా, కాని నాలుగేళ్ళు విరగనిది ఇంకో నాలుగేళ్ళు విరగదని పందెం కాసే మొండివాడు ఒక్కడుంటే చాలు, ఒక్కడు ఉండొచ్చు. వేరే రోజయితే ఆ ఒక్కడు అన్న మాట పట్టుకుని వేలాడేవాడు డేరియన్. ఇప్పుడు అది చెవిన పడిందే గాని లోపలికి పోలేదు. నిక్కరుతోనే, వట్టి కాళ్ళతోనే బీరువా దగ్గరికి నడిచాడు, తాళంచెవి రెండుసార్లు చేయిజారింది, ఫోను తీసి నొక్కాడు. మోగుతోంది. ఎత్తండి మిస్టర్ హార్లన్, తిట్టండి, ఏమైనా అనండి, ఎత్తండి.

ఎత్తింది మిస్ వెర్నెల్.

"ఆయనకివ్వండి," అన్నాడు. "మిస్ వెర్నెల్, ఒక్కసారి ఆయనకివ్వండి."

"ఆయన ఫోను బల్లమీదే వదిలేసి వెళ్ళాడు నాయనా." ఆ గొంతులో కోపం లేదు, అదే భరించడం కష్టంగా ఉంది. "నీతో మాట్లాడాక చేతులు ముందు పెట్టుకుని వాటికేసి చూస్తూ కూచున్నాడు. తర్వాత లేచి టై కట్టుకున్నాడు. ఆదివారం కాదు కదా, టై ఎందుకయ్యా అన్నాను. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగం మామూలు చొక్కాతో వదిలితే బాగుండదు అన్నాడు."

"వదలడమేమిటి? ఆపండి! కోచ్ గదికి ఫోన్ చెయ్యండి, ఆయన తప్పేం..."

"అయిపోయింది నాయనా. ఇప్పుడే రేడియోలో చెప్పారు. కోచ్ దగ్గరికెళ్ళి, అక్కడినుంచి మైదానం దగ్గర తిరిగే ఆ రేడియో కుర్రాడి దగ్గరికెళ్ళాడు. రెండో ఏడే ఆ కాలు తెగిందని నాకు తెలుసు, నేనే దాచాను, పిల్లాడికి చెప్పలేదు అన్నాడు. ఆయన గొంతే, స్వయంగా విన్నాను. గుమ్మం దిగేటప్పుడు నాతో అన్నాడు, జట్లవాళ్ళు పిల్లాడే దాచాడనుకుంటే వాణ్ణి ఎవరూ తీసుకోరు వెర్నెల్, దాచినవాడొకడు దొరికితే వాడిమీద మచ్చ ఉండదు అని."

డేరియన్ బీరువా తలుపు పట్టుకున్నాడు. అవతల గదిలో ఎవరో ఇంకో కుర్రాడి పేరు పిలుస్తున్నారు.

"ఆయన ఏమీ దాచలేదు మిస్ వెర్నెల్. ఆయన చెయ్యి తప్పు చెప్పలేదు. అసలు ఏమీ తెగలేదు. ఆయన ఏ తప్పూ చెయ్యలేదు."

"అది నాకు తెలుసు నాయనా," అంది మిస్ వెర్నెల్. "నీకెప్పుడు తెలిసింది?"

డేరియన్ బీరువా తలుపు వదిలేశాడు.

"ఫోటో చూశాక," అన్నాడు డేరియన్.